బీఎస్సీలో 56 శాతం, మూడు బ్యాక్‌లాగ్‌లు: అమెరికాలో ఓటీ మాస్టర్స్‌కు దారి ఉందా?

మీ ప్రశ్న ఇదీ. ఊరు హిందూపురం. బెంగళూరులో బీఎస్సీ సీబీజెడ్ (కెమిస్ట్రీ, బోటనీ, జువాలజీ) చేశారు. మొత్తం మీద 56 శాతం, మొదటి రెండేళ్లలో మూడు బ్యాక్‌లాగ్‌లు, చివరి ఏడాది మాత్రం 64. రెండేళ్లుగా పిల్లల థెరపీ సెంటర్లో అసిస్టెంటుగా పనిచేస్తున్నారు. అమెరికాలో ఆక్యుపేషనల్ థెరపీ (ఓటీ: జబ్బు, గాయం, వైకల్యం ఉన్నవాళ్లు తినడం, దుస్తులు వేసుకోవడం లాంటి రోజువారీ పనులు సొంతంగా చేసుకునేలా నేర్పే చికిత్స) మాస్టర్స్ చేయాలని ఉంది. కన్సల్టెన్సీవాళ్లు "మీ జీపీఏ 2.24, మూడు లేనిదే ఎవరూ ఫైలు తెరవరు" అన్నారు. ఆశ వదులుకోవాలా, వేరే దేశం చూసుకోవాలా అని అడుగుతున్నారు.

జీపీఏ అంటే ఎకి 4, బీకి 3, సీకి 2 చొప్పున లెక్కగట్టే గ్రేడుల సగటు. ముందు ఆ 2.24 సంగతి చూద్దాం. 56ని వందతో భాగించి నాలుగుతో గుణిస్తే వచ్చే సంఖ్య అది. అమెరికా కాలేజీలు అలా లెక్కగట్టవు. డబ్ల్యూఈఎస్ (వరల్డ్ ఎడ్యుకేషన్ సర్వీసెస్) లాంటి ఇవాల్యుయేషన్ సంస్థలు ఒక్కో పేపరునూ విడిగా తీసుకుని, మన యూనివర్సిటీ మార్కుల పద్ధతిని బట్టి అక్కడి గ్రేడుకు మారుస్తాయి. మనదగ్గర వంద మార్కుల పేపర్లో 60 దాటితే ఫస్ట్ క్లాసని వాళ్లకు తెలుసు. అందుకే 60, ఆపైన వచ్చినవి సాధారణంగా ఎ అవుతాయి, యాభైల్లో ఉన్నవి బీ వర్గంలో పడతాయి, అత్తెసరు మార్కులతో గట్టెక్కినవి సీ అవుతాయి. ఈ లెక్కన మీ చివరి ఏడాది పేపర్లలో చాలావరకు ఎ వైపు వెళ్తాయి. మొత్తం మూడుకు అటూ ఇటూ వస్తుందని నా అంచనా. డబ్ల్యూఈఎస్ వెబ్‌సైట్లో ఉచిత జీపీఏ కాలిక్యులేటర్ ఉంది. మార్క్స్ కార్డులన్నీ ముందేసుకుని ఒక్కో పేపరూ, దాని క్రెడిట్లూ (కోర్సుకు ఎంత బరువో చెప్పే అంకె) ఎక్కించండి. ఆ గంట పని చేయకుండా ఏ నిర్ణయమూ తీసుకోవద్దు.

నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఒకటే. తక్కువ జీపీఏ అన్నది ఒక్క సంఖ్య కాదు. ఫలానా సెమిస్టర్లో ఫలానా పేపర్లు. ఆ పేపర్లేవో తెలిస్తే బాగుచేసుకోవచ్చు. తెలియకపోతే మూడేళ్ల డిగ్రీ మొత్తాన్ని నెత్తిన మోస్తూ తిరగాల్సి వస్తుంది.

అడ్మిషన్ కమిటీలు జీపీఏను ఒకే రకంగా చూడవు. కొన్ని మొత్తం డిగ్రీ సగటు చూస్తాయి, కొన్ని చివరి 60 క్రెడిట్లే, ఇంకొన్ని ప్రీరిక్విజిట్ (చేరేముందే చదివి ఉండాల్సిన) కోర్సుల సగటే ముఖ్యమంటాయి. చాలాచోట్ల గీత 3.0 దగ్గరే ఉంటుంది, కానీ ఏ 3.0 అన్నది కాలేజీని బట్టి మారుతుంది. తేడా ఎంతుంటుందో చూడండి. ఒకరికి 120 క్రెడిట్లలో 2.6 ఉందనుకుందాం. మొత్తాన్ని 3.0కి లాగాలంటే ఎ గ్రేడుతో మరో 48 క్రెడిట్లు చదవాలి, అంటే పదహారు కోర్సులు. అది అయ్యే పని కాదు. అదే మనిషికి ప్రీరిక్విజిట్లు 20 క్రెడిట్లు ఉన్నాయనుకోండి: అనాటమీ ఫిజియాలజీ రెండు భాగాలు నాలుగేసి క్రెడిట్లు, రెంటిలోనూ సీ. స్టాటిస్టిక్స్, అబ్నార్మల్ సైకాలజీ, లైఫ్‌స్పాన్ సైకాలజీ మూడేసి క్రెడిట్లు, మూడింటిలో బీ. సోషియాలజీ మూడు క్రెడిట్లు, ఎ. సగటు 2.75. ఇప్పుడు ఆ అనాటమీ ఫిజియాలజీ రెండూ మళ్లీ చదివి ఎ తెచ్చుకుంటే, పెద్ద గ్రేడునే లెక్కలోకి తీసుకునే కాలేజీలో 3.55 అవుతుంది. పాతదీ కొత్తదీ రెండూ కలిపే కాలేజీలో 3.11. రెండు కోర్సులతో గీత దాటేశారు. మీ డబ్బు, మీ ఏడాది ఎక్కడ పెట్టాలో ఈ లెక్కే చెబుతుంది.

ఒక జాగ్రత్త. అమెరికా ఓటీ కాలేజీల్లో చాలావాటికి దరఖాస్తు వెళ్లేది ఓటీక్యాస్ అనే ఉమ్మడి పోర్టల్ ద్వారా. మళ్లీ చదివిన కోర్సుకు పాత గ్రేడును అది తీసేయదు, అన్ని ప్రయత్నాలనూ కలిపే లెక్కేస్తుంది. కాలేజీ తన సొంత లెక్కలో పెద్ద గ్రేడు తీసుకుంటుందా లేదా అన్నది ఆ కాలేజీ ఇష్టం. కాబట్టి డబ్బు కట్టేముందే ఒక్కో కాలేజీకి ఈమెయిల్ పెట్టండి. "నాకు అవకాశం ఉంటుందా" అని అడిగితే "దరఖాస్తు చేసుకోండి" అన్న సమాధానమే వస్తుంది. సూటిగా నాలుగు అడగండి. కనీస జీపీఏ మొత్తం డిగ్రీకా, చివరి 60 క్రెడిట్లకా, ప్రీరిక్విజిట్లకా? మళ్లీ చదివిన కోర్సుకు ఏ గ్రేడు తీసుకుంటారు? ఇండియాలో చదివిన ప్రీరిక్విజిట్లు ఒప్పుకుంటారా, అమెరికా సంస్థ నుంచే ఉండాలా? మూడేళ్ల డిగ్రీ సరిపోతుందా (అక్కడి బ్యాచిలర్స్ నాలుగేళ్లది)? జవాబులను పీడీఎఫ్‌గా దాచుకోండి, తర్వాత పనికొస్తాయి.

ఆ నాలుగో ప్రశ్న మీకు జీపీఏ కంటే పెద్ద అడ్డంకి కావచ్చు. కాలేజీకి న్యాక్ (మనదేశంలో కాలేజీల నాణ్యతకు గ్రేడులిచ్చే సంస్థ) ఎ గ్రేడు గానీ అంతకంటే పైది గానీ ఉండి, విద్యార్థి ఫస్ట్ లేదా సెకండ్ క్లాసులో పాసైతే మూడేళ్ల డిగ్రీని అమెరికా బ్యాచిలర్స్‌కు సమానంగా డబ్ల్యూఈఎస్ చూస్తుంటుంది. అయినా ఓటీ కాలేజీకి తన సొంత నియమం ఉండొచ్చు. లోటు ఉందని తేలితే చిన్నాచితకా సర్టిఫికెట్ కోర్సుల్లో చేరకండి. మీలాంటి వాళ్లకు నేను సూచించేది ఏదైనా యూనివర్సిటీలో ఎంఏ సైకాలజీ. ఇదివరకు ఇగ్నోలో దూరవిద్యగా చేయడానికి వీలుండేది, 2025లో సైకాలజీని దూరవిద్యలో చెప్పడాన్ని యూజీసీ ఆపేసింది. అన్నిటికంటే ముఖ్యం, అందులోని పేపర్లు: లైఫ్ స్పాన్ సైకాలజీ, స్టాటిస్టిక్స్, సైకోపాథాలజీ ఉన్న కోర్సునే ఎంచుకోండి. ఓటీ కాలేజీలు అడిగే సైకాలజీ, స్టాటిస్టిక్స్ ప్రీరిక్విజిట్లకు ఇవి సరిగ్గా సరిపోతాయి. చదువు ఏళ్ల లోటూ తీరుతుంది, "ఇటీవల బాగా చదివింది" అన్న సాక్ష్యమూ దొరుకుతుంది.   

అనాటమీ, ఫిజియాలజీ సంగతి వేరు. "నేను సీబీజెడ్ కదా, జువాలజీలో ఫిజియాలజీ ఉంది కదా" అనుకోవద్దు. ఆ పేపర్లో కప్ప నుంచి కుందేలు దాకా అన్నీ ఉంటాయి. వాళ్లు అడిగేది మనిషి శరీరం, అదీ ల్యాబుతో: కండరాలు, అవి ఎక్కడ మొదలై ఎక్కడ అతుక్కుంటాయి, ఏ నరం వాటిని నడిపిస్తుంది. ఇది కొత్తగా చదవాల్సిందే. అమెరికాలో గుర్తింపు ఉన్న యూనివర్సిటీలు కొన్ని ఈ కోర్సులను క్రెడిట్లతో ఆన్‌లైన్లో చెబుతాయి. చేరే ముందు మూడు విషయాలు తేల్చుకోండి: ల్యాబు ఉందా, ల్యాబ్ కిట్ ఇండియాకు పంపుతారా లేక వర్చువల్ ల్యాబా, ఆ వర్చువల్ ల్యాబును మీ జాబితాలోని కాలేజీలు ఒప్పుకుంటాయా. కోర్సెరా సర్టిఫికెట్ దీనికి పనికిరాదు. గ్రేడుతో, క్రెడిట్లతో యూనివర్సిటీ ఇచ్చే ట్రాన్స్‌క్రిప్ట్ కావాలి. రెండు భాగాలూ ఒకేసారి తీసుకోకండి, ఒకటయ్యాక ఒకటి. ఉద్యోగం చేస్తూ రెండూ నెత్తినేసుకుని మళ్లీ సీ తెచ్చుకుంటే ఇక కోలుకోవడం చాలా కష్టం. మొదటి ప్రయత్నంలో తక్కువ వస్తే కమిటీ అర్థం చేసుకుంటుంది. రెండోసారీ అదే గ్రేడైతే "న్యూరోసైన్స్ దగ్గర ఈ అమ్మాయి ఆగిపోతుంది" అనుకుంటుంది. జీపీఏ అడగడంలో వాళ్ల అసలు భయం అదే. మొదటి ఏడాదిలోనే అనాటమీ, న్యూరో, కైనిసియాలజీ (శరీర కదలికల శాస్త్రం) ఒక్కసారిగా మీద పడతాయి, మానేసేవాళ్లు ఎక్కువగా అక్కడే మానేస్తారు.

పాత ప్రీరిక్విజిట్లకు కాలదోషం కూడా ఉంటుంది. చాలా కాలేజీలు ఐదేళ్లో పదేళ్లో దాటినవి ఒప్పుకోవు. మీకింకా ఆ బెంగ లేదు, కానీ ఇంకో రెండేళ్లు నానబెడితే వస్తుంది.

ఇక అబ్జర్వేషన్ గంటలు. చాలా కాలేజీలు ఓటీ దగ్గర కూర్చుని చూసిన గంటలు అడుగుతాయి, కొన్నిచోట్ల 20, కొన్నిచోట్ల వంద దాకా. థెరపిస్టు సంతకం చేసిన ఫారం ఉండాలి. మీ రెండేళ్ల ఉద్యోగం పెద్ద బలం, కానీ అంతా పిల్లలతోనే. కమిటీకి కనీసం ఇంకో రంగం కనపడాలి. మానసిక ఆరోగ్యం వైపు నిమ్హాన్స్‌లో సైకియాట్రిక్ రీహాబిలిటేషన్ విభాగం ఉంది. వికలాంగుల కోసం బెంగళూరు లింగరాజపురంలో ఏపీడీ (అసోసియేషన్ ఆఫ్ పీపుల్ విత్ డిజేబిలిటీ), ఇందిరానగర్లో స్పాస్టిక్స్ సొసైటీ ఆఫ్ కర్ణాటక ఏళ్ల తరబడి పనిచేస్తున్నాయి. పెద్ద ఆసుపత్రుల స్ట్రోక్ రీహాబ్ విభాగాలూ ఉన్నాయి. అనుమతి కావాలంటే హెచ్‌ఆర్‌కు ఈమెయిల్ పెట్టి కూర్చోవడం కంటే ఓటీ విభాగాధిపతిని కలిసి, ఏ రోజులు, ఎన్ని గంటలు రాగలరో కాగితం మీద రాసివ్వడం మేలు. "వారానికి రెండు పూటలు, ఎనిమిది వారాలు" అంటే ఒప్పుకుంటారు. "ఎప్పుడు రమ్మంటే అప్పుడు వస్తా" అంటే మరిచిపోతారు. అన్నట్టు, సంతకం పెట్టేది ఓటీయే అయి ఉండాలి. ఫిజియోథెరపిస్టు సంతకంతో గంటలు పనికిరాకుండా పోవడం మామూలుగా జరిగేదే.

అక్కడ కూర్చుని ఏం చూడాలో చెబుతాను, ఎందుకంటే మీ స్టేట్‌మెంటు (దరఖాస్తులో మీ గురించి మీరు రాసే వ్యాసం) అక్కడే పుడుతుంది. పక్షవాతం వచ్చిన పెద్దాయన కుడిచేత్తో అన్నం తినడం మళ్లీ నేర్చుకుంటున్నాడనుకోండి. థెరపిస్టు చూపు ఎక్కడుంటుందో గమనించండి. చెయ్యి కంచం దాకా చేరుతోందా, మణికట్టు పైకి లేచి నిలబడుతోందా, బొటనవేలు మిగతా వేళ్లకు ఎదురొచ్చి ముద్ద కడుతోందా, నోటి దగ్గరికి తెచ్చేటప్పుడు భుజం చెవి దాకా లేస్తోందా, కంచంలో కుడి వైపున్న కూర ఆయనకు కనిపిస్తోందా. చెంచా ఇచ్చేస్తే పని సులువు. కానీ ఆయనకు చేత్తో తింటేనే భోజనం చేసినట్టు. అందుకని ముందు చెదరని రాగి సంకటి ముద్ద, కంచం జారకుండా కింద తడిగుడ్డ, అంచు ఎత్తున్న పళ్లెం. అది కుదిరాక మెత్తటి పప్పన్నం, చివరికి పొడిపొడిగా ఉండే అన్నం. పనిని ఇలా మెట్లుగా పెంచడాన్ని ఓటీలో గ్రేడింగ్ అంటారు. ఇంటికెళ్లగానే ఆ రోజు చూసింది పది లైన్లలో రాసిపెట్టుకోండి, పేర్లు లేకుండా: ఏ పని, ఎక్కడ ఆగింది, థెరపిస్టు ఏం మార్చారు, మార్చాక ఏమైంది. నలభై గంటల తర్వాత ఆ నోట్‌బుక్ మీ దగ్గరున్న అన్నిటికంటే విలువైన కాగితం.

స్టేట్‌మెంటులో "చిన్నప్పటి నుంచి సేవ చేయాలని" అన్న వాక్యం వద్దు. రాశాక ఒక పరీక్ష పెట్టండి: ఆక్యుపేషనల్ థెరపీ అన్నచోట ఫిజియోథెరపీ అని మార్చి చదవండి. అర్థం చెడకపోతే మొత్తం మళ్లీ రాయాల్సిందే. సంకటి ముద్దలాంటి ఒక్క ఘట్టం, మీ సెంటర్లో మీరు చేసిన ఒక్క పని (చెంచా పిడికి ఫోమ్ చుట్టడం వంటి చిన్నదైనా సరే), ఆ తర్వాతే మార్కుల ప్రస్తావన.

మార్కుల గురించి నాలుగు వాక్యాలు చాలు. ఎప్పుడు, ఎందుకు, ఏం మారింది, దానికి రుజువు. ఉదాహరణకు: "మొదటి రెండేళ్లు మూడు పేపర్లు తప్పాను. తెలుగు మీడియం నుంచి వచ్చి ఇంగ్లిష్‌లో ల్యాబ్ రికార్డులు రాయడం నాకు అలవాటు కాలేదు. మూడో ఏడాదికి చదివే పద్ధతి మార్చుకున్నాను, 64 శాతం వచ్చింది. ఈ ఏడాది ల్యాబుతో సహా అనాటమీ ఫిజియాలజీ రెండు భాగాల్లో ఎ తెచ్చుకున్నాను." మీ కారణం వేరైతే ఆ నిజమే రాయండి. లెక్చరర్లను నిందించడం, ఇంటి కష్టాలను రెండు పేరాలు పరచడం రెండూ దెబ్బతీస్తాయి. మాట ఎక్కువైన కొద్దీ కమిటీ కళ్లు సాకు మీదే నిలుస్తాయి. చూపించడానికి రుజువు లేకపోతే, అంటే కొత్త గ్రేడు చేతికి రాకపోతే, ఆ ఏడాది దరఖాస్తు వాయిదా వేయడమే మంచిది.

సిఫారసు లేఖలు సాధారణంగా మూడు. ఒకటి మీతో పనిచేసే ఓటీది తప్పనిసరి. రెండోది ఇటీవల మీకు పాఠం చెప్పినవాళ్లది, మూడోది సెంటర్ సూపర్‌వైజర్‌ది. పాత కాలేజీ ప్రిన్సిపాల్ సంతకం చేసిన, ఎవరికైనా సరిపోయే లేఖ కంటే, మీరు ఆటిజం ఉన్న పిల్లవాడికి చొక్కా గుండీలు పెట్టుకోవడం ఎలా నేర్పారో రాసిన మామూలు థెరపిస్టు లేఖ నూరు రెట్లు మేలు. లేఖ రాసేవాళ్లకు మీ మార్కుల సంగతి దాచకండి. "మార్కులు తక్కువే, కానీ నేను చూసిన పని ఇదీ" అని వాళ్లే రాస్తే మీరు రాసిన నాలుగు వాక్యాలకూ బలం వస్తుంది.

కాలేజీల ఎంపికలో ముందు చూడాల్సింది ఏకోట్ (అమెరికాలో ఓటీ కోర్సులను గుర్తించే సంస్థ) గుర్తింపు. అమెరికాలో చదివేవాళ్లను ఏకోట్ గుర్తించిన కోర్సు చదివితేనే ఎన్‌బీసీఓటీ (ఓటీల జాతీయ ధ్రువీకరణ) పరీక్ష రాయనిస్తారు, ఆ పరీక్ష పాసవకుండా ఏ రాష్ట్రంలోనూ లైసెన్సు రాదు. కొత్త ప్రోగ్రాములకు పోటీ తక్కువ ఉంటుంది కనుక జీపీఏ తక్కువున్నవాళ్లకు అవి మంచి అవకాశమే. కానీ ఏకోట్ జాబితాలో వాటి స్థితి ఏ దశలో ఉందో చూడకుండా డిపాజిట్ కట్టవద్దు. ఎన్‌బీసీఓటీ ఉత్తీర్ణత శాతం, చేరినవాళ్లలో ఎంతమంది పూర్తి చేశారన్న లెక్కా చూడండి. సులువుగా సీటిచ్చి, సగంలో వదిలేసేవాళ్లు ఎక్కువగా ఉన్న కాలేజీ మీకు వద్దు. మాస్టర్సా, ఎంట్రీ లెవల్ డాక్టరేటా అన్న సందేహం ఉంటే, ప్రాక్టీసుకు రెండూ చెల్లుతాయి. డాక్టరేట్‌కు 14 వారాల క్యాప్‌స్టోన్ (చివరి ప్రాజెక్టు) అదనం, ఫీజూ అదనం. మీకు మాస్టర్స్ చాలు. ఫీల్డ్‌వర్క్ (ఆసుపత్రుల్లో, సెంటర్లలో చేసే శిక్షణ) ఎలాగూ కనీసం 24 వారాలు ఉంటుంది.

ఎనిమిది కాలేజీలకు మించి పెట్టకండి. ఓటీక్యాస్‌లో ప్రతి కాలేజీకీ విడిగా ఫీజు. పోర్టల్ జూలైలో తెరుచుకుంటుంది. చాలాచోట్ల వచ్చిన దరఖాస్తులను వచ్చినట్టే చూస్తూ సీట్లు నింపుతారు కనుక ఆగస్టు, సెప్టెంబరులోనే పంపేయండి. చివరి తేదీ దాకా ఆగడం 3.8 ఉన్నవాళ్లకు చెల్లుతుంది, మనకు చెల్లదు. చదివిన ప్రతి కాలేజీ పేరూ ఇవ్వాలి, ఒక సెమిస్టర్ చదివి మానేసినదైనా. దాచింది బయటపడితే సీటు వచ్చాక కూడా రద్దు చేస్తారు.

కాగితాల్లో మీకు ఆలస్యమయ్యేది ట్రాన్స్‌క్రిప్ట్. 2017లో బెంగళూరు యూనివర్సిటీని మూడుగా విడగొట్టారు. కాలేజీ ఇప్పుడు ఎవరి కింద ఉందన్నది కాదు, మీ డిగ్రీ సర్టిఫికెట్ మీద ఏ యూనివర్సిటీ పేరుందో అక్కడికే వెళ్లాలి. జ్ఞానభారతి క్యాంపస్‌కు వెళ్లి తిరిగి రావడానికే రోజు పడుతుంది కనుక పేరు ముందే చూసుకోండి. బ్యాక్‌లాగ్ రాసిన సెమిస్టర్ల మార్క్స్ కార్డులన్నీ, ఫెయిలైనవి కూడా, జిరాక్సులు తీసుకెళ్లండి. సిలబస్ కాపీ మీద ముద్ర వేయించుకోవడం మరవద్దు. ట్రాన్స్‌క్రిప్ట్‌లో "జువాలజీ పేపర్ ఐదు" అని మాత్రమే ఉంటే అక్కడివాళ్లకు ఏమీ అర్థం కాదు. సిలబస్ ఉంటే కనీసం ఆ క్రెడిట్లు సైన్సులో పడతాయి.

జీఆర్‌ఈ (మాస్టర్స్ ప్రవేశ పరీక్ష) చాలా ఓటీ కాలేజీలు ఎత్తేశాయి. అడిగే ఒకట్రెండు కాలేజీల కోసం మూడు నెలలు ఖర్చు చేయకండి, ఆ సమయం అనాటమీకి ఇవ్వండి.

ఇతర దేశాల గురించి కూడా అడిగారు. కెనడాలో సీట్లు బాగా తక్కువ, జీపీఏ పోటీ ఎక్కువ, మీకు నేను చెప్పను. ఇంగ్లండులో రెండేళ్ల ప్రీ రిజిస్ట్రేషన్ ఎంఎస్సీలు (చదివాక ఓటీగా రిజిస్టర్ చేసుకునే అర్హత ఇచ్చేవి) ఉన్నాయి. వాళ్లు చూసేది డిగ్రీ క్లాసు, అనుభవం, ఇంటర్వ్యూ. కోర్సుకు హెచ్‌సీపీసీ (అక్కడ థెరపిస్టుల రిజిస్ట్రేషన్ చూసే సంస్థ) ఆమోదం ఉండాలి. మీ సెకండ్ క్లాసు, రెండేళ్ల పని అక్కడ బాగానే పలుకుతాయి కనుక రెండు దరఖాస్తులు అటూ పెట్టండి. మనదేశంలో ఎంఓటీకి (ఓటీ మాస్టర్స్) బీఓటీ (ఓటీ బ్యాచిలర్స్) చదివినవాళ్లే అర్హులు. కనుక ఇక్కడ ఓటీ కావాలంటే చెన్నైలోనో వెల్లూరు సీఎంసీలోనో బీఓటీ మొదటి నుంచీ చదవాలి. ఖర్చు తక్కువ, ఏళ్లు ఎక్కువ.

డబ్బు విషయం మీ నాన్నగారితో కూర్చుని ముందే మాట్లాడండి. ఓటీ స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) జాబితాలో లేదు. అంటే చదువయ్యాక ఓపీటీ (విద్యార్థి వీసా మీద అక్కడ ఉద్యోగం చేసుకునే అనుమతి) 12 నెలలే, సాఫ్ట్‌వేర్ వాళ్లకు దొరికే అదనపు రెండేళ్లు ఉండవు. ఆ పన్నెండు నెలల్లోనే ఎన్‌బీసీఓటీ, రాష్ట్ర లైసెన్సు, ఉద్యోగం, స్పాన్సర్ అన్నీ కుదరాలి. యూనివర్సిటీలకు అనుబంధంగా ఉండే లాభాపేక్ష లేని ఆసుపత్రులు హెచ్1బీ లాటరీతో పనిలేకుండా స్పాన్సర్ చేయగలవు కనుక ఫీల్డ్‌వర్క్ అలాంటి చోట్ల దొరికే కాలేజీలకు జాబితాలో పైన చోటివ్వండి. ఈ లెక్కలన్నీ చూశాక కూడా ఇల్లు తాకట్టు పెట్టే అప్పు అవసరమైతే ఇంగ్లండు, బీఓటీ రెండింటినీ మళ్లీ లెక్కేయండి.

ఈ వారం చేయాల్సినవి రెండు: కాలిక్యులేటర్లో మార్కులన్నీ ఎక్కించడం, ట్రాన్స్‌క్రిప్ట్‌కు దరఖాస్తు ఇవ్వడం. పేపర్ల వారీగా వచ్చిన గ్రేడులు ఇక్కడే కింద పెట్టండి, ఏ రెండు కోర్సులు మళ్లీ చదవాలో చూసి చెబుతాను.